సీసా అడుగున తెల్ల గీత

ఫిబ్రవరి 3

వదినకి,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు దివ్యంగా ఉన్నావని అన్నయ్య పంపిన ఫొటోలోనే తెలిసిపోయింది. నేలమాళిగ మెట్ల మీద నుంచున్నావు, చేతిలో గ్లాసు, ఒంటి మీద నాన్న తోలు ఏప్రన్. ఎంత బాగా కుదిరిందో నీకు! నాన్న పోయి చలికాలం కూడా దాటలేదు, ఆయన ఏప్రన్ అప్పుడే నీ కొలతకి కత్తిరించేసుకున్నావు. బొత్తాల కొట్టువాళ్ళ అమ్మాయివి, కత్తెర పట్టడం నీకేం కొత్త?

కోపం తెచ్చుకోకు. కోపం నాది. అందులో కూడా నీకు వాటా ఇవ్వను.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ ఏటి పంటది, పీపాల్లో ఉన్నదాన్ని ఎవరు కలపాలో తేలడం లేదట. అన్నయ్యకి ట్రాక్టర్ తెలుసు, బ్యాంకు తెలుసు. ఏ పీపాలోంచి ఎంత తీసి ఎందులో పోస్తే మన ఇంటి వైన్ అవుతుందో మాత్రం తెలీదు. అది నాన్నకి తెలుసు. నాన్న తర్వాత నాకు తెలుసని నేననుకుంటూ ఉన్నాను. "మీ వదిన కలుపుతానంటోంది" అన్నాడు అన్నయ్య, చాలా మామూలుగా, వాన వచ్చేలా ఉందన్నట్టు. నాకు కడుపులో భగ్గుమంది. అబద్ధం చెప్పను వదినా, పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ నుంచున్నాను.

తర్వాత ఒక ఉపాయం చెప్పాను. ఆరేళ్ళ కిందటి పంట తాలూకు స్పార్క్లింగ్ వైన్లు ఇప్పుడిప్పుడే బజారులోకి వస్తున్నాయి కదా. నేను పనిచేసే వైన్ కొట్టు పైగదిలో వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తున్నాం. మీ కొండ చుట్టూ ఉన్న అయిదు ఇళ్ళవి ఇప్పటికే వచ్చేశాయి. అన్నీ ఆ ఒక్క ఏటివే. ఒకే ఎండ, ఒకే వాన, ఒకే రకం ద్రాక్ష. ఇంక తేడా అంటూ ఉంటే అది చేతుల్లోనే ఉండాలి. ఆ ఏడు నాన్న చేసినదొకటి, నువ్వు మొదటిసారి సొంతంగా చేసినదొకటి పంపు. ఏది ఎవరిదో చెప్పకు. నాన్నదాని పక్కన నీది నిలబడితే ఈ ఏడు నువ్వే కలుపు. నిలబడకపోతే నేను సెలవు పెట్టి వచ్చి కలుపుతాను. అన్నయ్య ఒప్పుకున్నాడు. నా తీర్పే తీర్పట.

నాన్న చెయ్యి నేను గుర్తుపట్టలేనని భయపడకు. చిన్నప్పుడు నాన్న మూడు సీసాలకి గుడ్డలు చుట్టి, ఒక్కోదాంట్లోంచి గ్లాసులో కాస్త పోసి, వాసన చూడమనేవాడు. "ఏది మనది?" అని అడిగేవాడు. ఒక్కసారి తప్పితే ఒట్టు! కొండ మీద అందరూ నన్ను ముక్కుపిల్ల అనేవాళ్ళు. గుడ్డ విప్పితే అడుగున నాన్న తెల్ల గీత ఉండేది. ఆ గీత చూస్తే నాకిప్పటికీ నాన్న సంతకం చూసినట్టే.

ఈ ఉత్తరంతో పాటే ఆరు గ్లాసులు పంపుతున్నాను, మూతి సన్నంగా ఉండేవి. వాటిల్లో పోసుకుంటేనే వాసన నిలుస్తుంది. నేర్చుకునేవాళ్ళకి చాలా మంచివి.

నీ ఒక్కగానొక్క ఆడపడుచు,
ముక్కుపిల్ల


ఫిబ్రవరి 10

ముక్కుపిల్లగారి సముఖానికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. అసలు మొగుడు ట్రాక్టర్ దిగడు కాబట్టి ఆ మిగతా సగం నువ్వే చూసుకుంటున్నావు. సంతోషం.

ముందు ఏప్రన్ సంగతి. మామయ్యగారి ఏప్రన్ ఆయన తగిలించిన మేకుకే ఉంది, జేబులో పెన్సిల్ ముక్కతో సహా. దుమ్ము దులపడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. నా ఒంటి మీదది అంగట్లో కొన్నది. ఆ రంగు తోలు లోకంలో ఒక్క మీ నాన్నే కట్టుకున్నారని నువ్వనుకుంటే నేనేం చెయ్యను?

గ్లాసులు అందాయి. ఒకటి దారిలో పగిలింది. మిగతావి అలమారాలో పెట్టాను, మా గ్లాసుల పక్కన. అవునమ్మా, మాకు కూడా గ్లాసులున్నాయి. ఇన్నాళ్ళూ దోసిలితో తాగుతున్నాననుకున్నావా? "నేర్చుకునేవాళ్ళకి" అన్న మాట మాత్రం దారిలో పగల్లేదు, భద్రంగా చేరింది.

నీకు కడుపు మండుతోందని ఒప్పుకున్నావు. మరి నా సంగతి కూడా విను. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నేను విన్నది నీ గురించి ఒకటే మాట, "అమ్మాయి అయితేనా!" మామయ్యగారు పీపా మూత తీసి వాసన చూపించేవారు. నేను ఆపిల్ అంటే, "అమ్మాయి అయితే పచ్చిదో పండిందో కూడా చెప్పేది" అనేవారు. నేను మడ్డి బాగా దిగిందంటే, "అమ్మాయి అయితే దీపం ముందు ఇంకోసారి పెట్టి చూసేది" అనేవారు. ఎదురుగా ఉన్న మనిషితో ఎలాగైనా పోటీపడొచ్చు. ఇంట్లో లేని మనిషితో ఎలా పడతాం? నీకు జలుబు చేసేది కాదు, నీ చేతిలో సీసా పగిలేది కాదు, నువ్వు ఎన్నడూ పొరబడేదానివి కాదు. ఎందుకంటే నువ్విక్కడ లేవు.

నేను మాత్రం ఉన్నాను. చెక్క చిల్లుల్లో తలకిందులుగా ఉన్న ప్రతి సీసానీ రోజూ కొద్దికొద్దిగా తిప్పాను, మడ్డి మెడలోకి దిగేదాకా. ఎంత తిరిగిందో తెలియడానికి సీసాల అడుగున గీతలు వేసీ వేసీ నా గోళ్ళలోంచి రంగు ఇప్పటికీ పోలేదు. బొత్తాల కొట్టులో ఒకటి నేర్చుకున్నాను. వెయ్యి బొత్తాలు ఒకేలా ఉన్నాయంటే చూసేవాడికి ఓపిక లేదని అర్థం.

రెండు సీసాలూ పంపుతున్నాను. మా సొంతానికి దాచిన గుట్టలోంచి తీసినవి. ఒకదాని మెడకి దారం కట్టాను, రెండోదానికి లేదు. ఏది ఎవరిదో మీ అన్నకి మాత్రమే చెప్పాను. నీ తీర్పు వచ్చేదాకా నోరు విప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని మీ అన్నతో అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఈ ఏడు కలిపే పని నాకు కావాలి. అడిగి తీసుకోవడం అలవాటు లేదు కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

వదిన


ఫిబ్రవరి 19

వదినకి,

నిన్ననే అయింది. నీ మనసు ఎలా కొట్టుకుంటోందో తెలుసు కనుక ఆలస్యం చెయ్యడం లేదు.

పైగది నువ్వు చూడలేదు కదా. పొడుగాటి బల్ల, తెల్ల గుడ్డ, కిటికీ పక్కన ఉమ్మడానికి రెండు బకెట్లు. నలుగురం కూర్చున్నాం. లెక్కలు చూసే ఆవిడ సెంటు పూసుకొచ్చింది. మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని రమ్మని వెనక్కి పంపాం. ఆవిడ అలిగి, సగం వైన్లు సబ్బు వాసన వేస్తున్నాయంది. పోసే పని మా పొడుగాయనది. ఏడు సీసాలకీ గోధుమరంగు కాగితం చుట్టి నంబర్లు వేశాడు. నీ దారం కూడా తీసేసి, ఏ నంబరుదో తన దగ్గర రాసుకున్నాడు. మనిషి పొడుగే కానీ చుట్టిన కాగితాలు పొట్టివి. సీసా ఎత్తి పోస్తుంటే, చలికి దుప్పటి చాలనివాడి కాళ్ళలా అడుగు బయటికి కనబడుతోంది. నేనైతే ఆ వంక కన్నెత్తి చూడలేదనుకో.

నా కాగితంలో రాసుకున్నది ఉన్నదున్నట్టు పంపుతున్నాను, తర్వాత మార్చానని నువ్వనకుండా. పక్కవాళ్ళ అయిదింటి సంగతి నీకక్కర్లేదు. ఒకదాంట్లో చక్కెర ఎక్కువ, ఇంకోదాంట్లో బుడగలు సోడాబుడ్డిలా తోసుకొచ్చాయి, మిగతావి మర్యాదస్తులు. అసలైనవి ఇవి.

రెండో నంబరు: చాలా శుభ్రంగా ఉంది. బుడగలు సన్నగా, చురుగ్గా. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్. కొంచెం తొందర మనిషి. మింగగానే సెలవు తీసుకుంటుంది. ఇరవైకి పంతొమ్మిది.

అయిదో నంబరు: అంచు మాడిన రొట్టె, వేయించిన బాదం, చివర్న నాలుక మీద ఉప్పుగల్లు. మొదట మాట్లాడదు, తర్వాత ఆపదు. గ్లాసు ఖాళీ అయినా గదిలోంచి పోలేదు. వెనకాల ఎవరో నుంచున్నట్టు అనిపించి మెడ తిప్పి చూశాను. ఇరవైకి పదిహేను.

అందరం అయ్యాక పొడుగాయన చెప్పాడు, దారం కట్టినది రెండో నంబరట. అన్నయ్య నోరు విప్పేదాకా ఆగడం ఎందుకు, నేనే చెప్పేస్తాను. దారం కట్టినది నాన్నది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? లేనిది నీది. చిన్నబుచ్చుకోకు. మొదటిసారికి పదిహేనంటే పరవాలేదు. ఏడింటిలో నాలుగోది.

టికెట్ కొనేశాను. మార్చి రెండో వారంలో వస్తాను. నేలమాళిగ తాళాలు సిద్ధంగా ఉంచు. నాన్న ఏప్రన్ దుమ్ము నేను దులుపుకుంటాను.

ముక్కుపిల్ల


ఫిబ్రవరి 21

వదినా,

అన్నయ్య ఫోన్ చేశాడు. నవ్వుతున్నాడు. "దారం కట్టింది మీ వదినది! పంతొమ్మిది వేశావట కదా!" అని నవ్వుతున్నాడు.

ఇది నేను నమ్మను. దారం మార్చావు నువ్వు. నాన్న సీసాకి దారం కట్టి, అది నీదేనని అన్నయ్య చెవిలో ఊదావు. అన్నయ్య నువ్వేం చెప్పినా తలూపుతాడు, తెలీనిదెవరికి? రెండో నంబరు సీసా అడుగున తెల్ల గీత ఉంది! నా రెండు కళ్ళతో చూశాను. ఆ గీత నాన్నది కాక నీదెలా అవుతుంది? ఆయన ఇల్లు తీసుకున్నావు, నేలమాళిగ తీసుకున్నావు. చివరి రోజుల్లో ఆయన నోట నీ పిలుపే ఉండేదట, అది కూడా తీసుకున్నావు. ఆయన చేసిన వైన్ కూడా కావాలా నీకు?

నేను సంతకం చెయ్యడం లేదు. ఎవరు రాశారో నీకు తెలుసు.


ఫిబ్రవరి 27

అమ్మాయ్,

ఆ వంక కన్నెత్తి చూడలేదని ఎవరూ అడక్కుండానే రాశావు చూడు, అప్పుడే అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. మొన్నటి ఉత్తరంలో ఆ గుమ్మడికాయ నువ్వే తెచ్చి నా గుమ్మంలో పెట్టావు.

దారం నేను మార్చలేదు. రెండో నంబరు నాదే. నీ తీర్పు ప్రకారం నేను గెలిచాను. మీ అన్న ఆ సాయంత్రమే తాళాలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. తీసుకుని కొంగున దోపుకుంటే పోయేది. నువ్వు ఎంత అరిచినా తీర్పు నీదే.

కానీ నీ కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో నీ మాటలూ నీ మార్కులూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి. మింగగానే సెలవు తీసుకునే తొందర మనిషికి పంతొమ్మిదా? గదిలోంచి పోనిదానికి, మెడ తిప్పి చూసినదానికి పదిహేనా? పదాలు నాలుకతో రాశావు, అంకెలు కళ్ళతో వేశావు. ముందు వేసినవి వేరు. అడుగు చూశాక దిద్దావు.

ఇప్పుడు గీత సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండాలని చాలా ఉంది.

ఆ ఏడే మామయ్యగారి చెయ్యి వణకడం మొదలైంది. సీసాలు పడుకోబెట్టే ముందు గీతలన్నీ నాచేతే వేయించారు. రెండు డబ్బాలున్నాయి, తెలుపొకటి, నీలమొకటి. నేను తెలుపు తీసుకుని ఆయన సీసాల దగ్గరికి వెళ్తుంటే పిలిచి ఆపారు. "అది నీవాటికి వెయ్యి. నావాటికి నీలం వెయ్యి" అన్నారు. నాకేం అర్థం కాలేదు. తెలుపు మీది కదా మామయ్యా అన్నాను.

నవ్వారు. "ఎప్పుడో ఒకనాడు అమ్మాయి మన ఇద్దరివీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తుంది. చూడకుండా ఉండలేదు. ముందో వెనకో అడుగు చూస్తుంది. తెలుపు కనబడిందా, అది బంగారం అంటుంది. కనబడలేదా, అది నీదని నీ ప్రాణం తీస్తుంది. చిన్నప్పుడూ అంతే. నేల మీద బోర్లా పడుకుని గుడ్డ కింద నుంచి గీత చూసుకునేది. నేను ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి నుంచునేవాణ్ణి" అన్నారు.

ఇన్నాళ్ళూ నా నెత్తిన మోగిన ముక్కుపిల్ల గొప్పంతా అబద్ధమా అని నాకు ఎంత ఆశ పుట్టిందో! అడిగేశాను కూడా. మామయ్యగారు నవ్వడం ఆపేశారు.

"అబద్ధం కాదమ్మా. ముందు వాసన చూసి సరైనదాని మీదే చెయ్యి పెట్టేది. ఆ తర్వాతే వంగి చూసేది. దానికి ముక్కుంది. ముక్కు మీద నమ్మకం లేదు."

అది విని నాకేం చెయ్యాలో తోచలేదు. నా మొదటి వైన్‌ని నీ నోటి నుంచి కాపాడుతున్నారు, దానికి సంతోషపడాలి. కానీ నువ్వు నేల మీద ఎలా పడుకునేదానివో తలుచుకుని ఆయన మొహం వెలిగిపోతోంది. నా గురించి అలా వెలగడం నేను ఒక్కనాడూ చూడలేదు. నన్ను రోజూ చూసి తెలుసుకున్నారు. నిన్ను చూడకుండానే తెలుసుకున్నారు. చివరి రోజుల్లో పిలిచింది నన్నే, నిజమే. పక్కన ఉన్నదాన్ని కాబట్టి. పిలిచి అడిగింది మాత్రం, అమ్మాయి ఉత్తరం రాసిందా అని.

అందుకని ఆ పంతొమ్మిది నాకొద్దు. అది గీతకి పడ్డ మార్కు. నువ్వు వంగి చూడకముందు నా గ్లాసుకి ఎంత వేశావో అది చెప్పు. పది అయితే పదే. తాళాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. మీ అన్న అటూ ఇటూ తిరుగుతూ వాటి మీద పేపరు పెట్టి, కనబడటం లేదని ఇల్లంతా వెతుకుతున్నాడు.

వదిన


మార్చి 4

వదినా,

పదిహేడు.

అయిదో దానికి పంతొమ్మిది వేశాను, నీదానికి పదిహేడు. ఏడింటిలో రెండోది. నువ్వు ఇంకోసారి అడగకుండా అసలు సంగతి కూడా రాస్తున్నాను. అయిదో గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నాన్న అని తెలిసింది. చిన్నప్పటిలాగే తెలిసింది. తెలిసీ వంగి చూశాను. తెల్ల గీత రెండోదాని కింద కనబడింది. అయితే అయిదోది నీదన్నమాట, నువ్వు నాన్నని మించిపోయావన్నమాట అనుకున్నాను. నాన్న ఓడిపోవడం కంటే నువ్వు గెలవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండోదాని పదిహేడుని పంతొమ్మిది చేశాను. అయిదోదాన్ని కనీసం రెండోస్థానంలో కూడా ఉండనివ్వలేదు, పదిహేనుకి దించాను. నీదనుకుని నాన్ననే కిందికి తోశాను.

ఆయన అటు తిరిగి నుంచునేవాడని నాకు ఇప్పటిదాకా తెలీదు. నేను ఎంత తెలివిగా చూస్తున్నానో అనుకునేదాన్ని. నాతో ఎప్పుడూ అనని మాట నీతో అన్నాడు. దానికి నాకింకా కుళ్ళుగానే ఉంది, ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఉంది. నీకు మాత్రం తక్కువా? ఆయన మొహం వెలగడం చూసి ఆరేళ్ళు దాచుకున్నావు. ఇద్దరం సమానమే, ఈ ఒక్కదాంట్లో.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. మొదటిసారికే పదిహేడు తెచ్చుకున్న మనిషి ఉండగా ఇంకొకరు కలపడం ఏమిటి, తాళాలు వదినకే ఇవ్వమన్నాను. పేపరు కింద చూడమని కూడా చెప్పాను.

టికెట్ రద్దు చెయ్యను. వస్తాను. నీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. నువ్వు అడిగితేనే నోరు విప్పుతాను. పచ్చి ఆపిలా, పండిందా అని అడుగు చాలు. నాన్న ఏప్రన్ మేకుకే ఉండనీ. నాకూ అంగట్లో ఒకటి కొను, నీలాంటిదే.

ఈ ఏటి సీసాలకి ఏ రంగు గీత వేస్తావో నాకు చెప్పకు. బతిమాలినా చెప్పకు. ఎప్పుడైనా నాకోసం గుడ్డలు చుట్టి పెడితే, నేను వంగుతుంటే అటు తిరక్కు. నా మొహంలోకి చూడు.

నీ ఆడపడుచు